ముద్ర వాలిన వైపు

సోమవారం పొద్దున్న తొమ్మిదిన్నరకి హిగాకి నావో పంపిన నగదు పట్టిక పదో నిమిషానికల్లా తిరిగొచ్చి ఆమె బల్ల మీద పడింది. అంకెల్లో తప్పేమీ లేదు. ఎనిమిదీ నలభై ఐదుకి మూడు బ్యాంకుల నిల్వలు దించి, ఆ రోజు వచ్చేదీ పోయేదీ వరసగా వేసి, సాయంత్రానికి ఏ ఖాతాలో ఎంత మిగలాలో రాసి, అడుగున మొత్తం రెండుసార్లు కూడి చూసుకుంది. తప్పు పైన ఉంది. కాగితం పై అంచున, సంతకాలకి బదులు ముద్రలు వేసే మూడు గళ్లుంటాయి. కుడి చివరది తయారుచేసిన వాళ్లది, మధ్యది సెక్షన్ చీఫ్‌ది, ఎడమ చివరది డైరెక్టర్‌ది. కుడి గడిలో నావో ఇంటిపేరున్న గుండ్రటి ఎర్ర ముద్ర నిటారుగా నిలబడి ఉంది. దాని పక్కన పెన్సిల్‌తో చిన్న బాణం, ఎడమవైపుకి.

సెక్షన్ చీఫ్ ఇసోబె నోటితో ఏమీ అనడు, బాణం గీస్తాడంతే. కింది ఉద్యోగి ముద్ర పై అధికారి ముద్ర వైపు కాస్త ఒరగాలి, తలవంచి నమస్కారం పెట్టినట్టు ఉండాలి. అది బ్యాంకు వాళ్ల అలవాటు. నాగఓకా ఊళ్లో, మంచు కరిగించడానికి రోడ్ల మీద నీళ్లు చిమ్మే నాజిళ్లు తయారుచేసే ఈ కొషిజి వాల్వ్ కంపెనీకి నిరుడు ఏప్రిల్‌లో ఆయన వచ్చేదాకా, ముద్రలకి కూడా నడుముంటుందని ఎవరికీ తెలియదు. యాభై దాటిన తన మనుషుల్ని అప్పు తీసుకునే కంపెనీలకి పంపించడం హకుసెన్ బ్యాంకు పద్ధతి. కుర్చీ ఇక్కడిది, జీతంలో సగం అక్కడిది.

"ఏంటి, నీ ముద్రకి మెడ పట్టేసిందా?" ఎదుటి బల్ల నుంచి టొమోఎ అడిగింది. ఆమెకి యాభై ఎనిమిదేళ్లు, రోజుకి ఐదు గంటల పని, నోటికి మాత్రం టైముతో పనిలేదు.

"ముద్ర వేస్తుంటే ఓజియా మున్సిపాలిటీ నుంచి ఫోనొచ్చింది. చూసుకోలేదు."

"వేడినీళ్ల బుగ్గలో ఓ పూట కూర్చోబెట్టు. అదే వంగుతుంది."

నావో కాగితం మళ్లీ ప్రింట్ తీసి, ముద్రని ఎర్ర ప్యాడ్ మీద మూడుసార్లు తట్టి, పిడిని వేళ్లతో ఎడమకి తిప్పి ఒత్తింది. ఈసారి అది బుద్ధిగా వంగింది. తీసుకెళ్లి ఇసోబె ట్రేలో పెడితే ఆయన తలెత్తకుండానే తన ముద్ర తీసి మధ్య గడిలో వేశాడు. ఆయనది ఎంత వాలుతుందంటే, డైరెక్టర్ గడి వైపు దాదాపు పడుకునే ఉంటుంది.

పదీ పదికి హకుసెన్ బ్యాంకు నుంచి మకినో వచ్చాడు. నలభై రెండేళ్ల మనిషి, బూట్ల మీద ఒక్క బురద చుక్క ఉండదు, మార్చి నెలలో ఈ ఊళ్లో అది చిన్న విషయం కాదు. వెదురాకుల్లో చుట్టిన పిండి ఉండల డబ్బా బల్ల మీద పెట్టి, ఈ ఏడు మంచు ఎంత పడిందో, గోల్ఫు మైదానం ఎప్పుడు తెరుస్తారో, తన నడుము ఎలా ఉందో వరసగా చెప్పుకొచ్చాడు. ఇసోబె తలాడించాడు. నావో అలవాటు ప్రకారం నోటుపుస్తకంలో రాసుకుంటూ కూర్చుంది. ఎవరొచ్చినా వచ్చిన టైము, పోయిన టైము, మధ్యలో ఏం మాట్లాడారో ఆమె రాస్తుంది.

లేచేముందు మకినో సంచిలోంచి మందపాటి ఫోల్డరు తీశాడు. "ముప్పై ఒకటిన మీ ఎనభై కోట్ల యెన్ల లోను రెన్యువల్ ఉంది కదండీ. దాంతోపాటు ఇది కూడా. వడ్డీ మార్పిడి ఒప్పందం. రేట్లు పెరుగుతున్నాయి, మీకు రక్షణగా ఉంటుంది. రెండూ జంటగా వెళ్తే మా పైవాళ్లకి చెప్పుకోవడం తేలిక."

"జంటగా వెళ్లకపోతే?" నావో అడిగింది.

మకినో నవ్వాడు. "అలాంటి ఇబ్బంది మాటలు ఎందుకులెండి."

నావో గడియారం చూసి రాసుకుంది. పది పది నుంచి పది ఇరవై రెండు.

మంగళవారం ఆమె బల్ల మీద ఒకే ఒక్క కాగితం ఉంది. పైన 'వివరణ అందుకున్నట్టు ధ్రువీకరణ' అని రాసి ఉంది. కింద మూడు వాక్యాలు, ఒక్కోదాని ముందు టిక్కు పెట్టడానికి ఖాళీ డబ్బా. ఒప్పందం మధ్యలో వదిలేస్తే ఎంత కట్టాలో అంకెలతో సహా నాకు వివరించారు. ఈ ఒప్పందానికీ, లోనుకీ ఏ సంబంధమూ లేదని నాకు తెలుసు. ఇది మా సొంత నిర్ణయం. అన్నిటికీ కింద, వివరణ విన్నవారు: హిగాకి నావో. పేరు ముందే అచ్చువేసి ఉంది. పక్కన ముద్రకి గడి.

ఆమె దాన్ని పట్టుకుని ఇసోబె బల్ల దగ్గరికి వెళ్లింది. "ఇది నా పేరున ఎందుకండీ?"

"నేను బ్యాంకు మనిషిని. నేను వేస్తే చెల్లదు, వాళ్ల నియమం. కంపెనీ మనిషే వినాలి, కంపెనీ మనిషే వేయాలి."

"కానీ నేనేమీ వినలేదుగా. గోల్ఫు గురించి విన్నాను."

"తర్వాత నేను చెప్తాను."

"ఇప్పుడు చెప్పండి. మధ్యలో వదిలేస్తే ఎంత కట్టాలి?"

ఇసోబె కళ్లజోడు తీసి తుడవడం మొదలెట్టాడు. రెండు అద్దాలూ నిదానంగా తుడిచి, మళ్లీ పెట్టుకుని అన్నాడు. "లోపలికి అడుగుపెట్టకముందే బయటికి దారి అడగడమేంటి హిగాకి గారూ. గురువారం లోపు వేసి ఇవ్వండి. ఇది లేకపోతే లోను రెన్యువల్ అవదు, సోమవారం ఎనభై కోట్లు ఎక్కడినుంచి తెస్తారు?" ఆ వెంటనే, చాలా మామూలుగా, "శుక్రవారం ఏప్రిల్ బదిలీల జాబితా వస్తుంది. కషివజాకి గోడౌన్‌కి ఒకరు కావాలంటున్నారు" అన్నాడు.

నావో తన బల్ల దగ్గరికి తిరిగొచ్చి కూర్చుంది. పందొమ్మిదేళ్లుగా అదే బల్ల. కుర్చీ మారింది, కంప్యూటర్ ఐదుసార్లు మారింది, బల్ల మారలేదు. కాసేపు ఆ కాగితం వైపు చూసి, దాన్ని తిరగేసి పెట్టి, క్యాలిక్యులేటర్ దగ్గరికి లాక్కుంది.

ఫోల్డరులో పదకొండో పేజీలో ఉంది అసలు సంగతి, చీమంత అక్షరాల్లో. లోను ఒక్క ఏడాదిది. ఒప్పందం పదేళ్లది. పదేళ్లూ కంపెనీ బ్యాంకుకి కదలని వడ్డీ కడుతుంది, బ్యాంకు కంపెనీకి కదిలే వడ్డీ ఇస్తుంది, తేడా ఎవరిదైతే వాళ్లు కట్టుకోవాలి. లోను తీర్చేసినా ఒప్పందం తీరదు. రేటు వాళ్లనుకున్నంత పెరగకపోతే తేడా అంతా కంపెనీదే. నావో ఒక్కో ఏడాదికీ ఒక్కో వరస వేసి, ఇప్పటి విలువకి తగ్గించి, కూడింది.

"ఎంతొచ్చింది?" టొమోఎ అడిగింది.

"రేట్లు ఒక్క మెట్టు వెనక్కి తగ్గాయనుకో, బయటపడటానికి ఏడు కోట్లు."

"ఏడు కోట్లంటే నాకు అర్థమయ్యేలా చెప్పు."

"మనందరి బోనసులూ, రెండేళ్లవి."

టొమోఎ నములుతున్న బియ్యపు కారప్పూసని మింగడం మర్చిపోయింది. "ఇది కొంటేనే అప్పిస్తామని అనొచ్చా అసలు?"

"అనకూడదు. చట్టం ఒప్పుకోదు. అప్పు చూపించి వేరే సరుకు అంటగట్టకూడదనే ఈ కాగితం పెట్టారు. మనల్ని కాపాడటానికి పెట్టింది."

"మరి మన ముద్ర వేయించుకుని వాళ్లని వాళ్లు కాపాడుకుంటున్నారా?"

"అంతే."

"అబ్బ, ఎంత తెలివి," అంది టొమోఎ, ఆ మాటలో మెచ్చుకోలు ఏ కోశానా లేదు.

బుధవారం నావో మధ్యాహ్నం భోజనానికి లేవలేదు. ఉప్పేసిన సాల్మన్ పెట్టిన అన్నం ముద్ద ఎడమచేత్తో తింటూ, కుడిచేత్తో కొత్త పట్టిక వేసింది. దానికి ఆమె పెట్టుకున్న ప్రశ్న ఒక్కటే. సోమవారం బ్యాంకు లోను ఇవ్వకపోతే మనం బతుకుతామా.

హకుసెన్‌లో ముప్పై కోట్ల ఫిక్స్‌డ్ డిపాజిట్ ఉంది, దాని గడువు తీరేది సరిగ్గా ముప్పై ఒకటినే. ఎన్నేళ్లుగానో దాన్ని ఎవరూ ముట్టుకోలేదు, బ్యాంకు మనసు నొచ్చుకుంటుందని. అప్పుకి వడ్డీ కడుతూ, ఆ అప్పిచ్చిన చోటే సొంత డబ్బు నిద్రపుచ్చడం. నావో మొదటి వరసలో ముప్పై అని రాసింది. తర్వాత ఫోను తీసుకుంది. మున్సిపాలిటీల పద్దులన్నీ మార్చితో మూసుకుంటాయి, పని పూర్తయిన బిల్లులు త్వరగా వదిలించుకోవాలని వాళ్లకీ ఉంటుంది, ఎవరూ అడగరంతే.

"ఓజియా ఆఫీసండీ? కొషిజి వాల్వ్ హిగాకిని. మీ స్టేషను రోడ్డు నాజిళ్ల తనిఖీ అయిపోయిందిగా. ఏప్రిల్‌లో ఇచ్చేది సోమవారం మధ్యాహ్నంలోపు పడితే... అవునండీ, బిల్లు నేనే తెచ్చి ఇస్తాను. ఈ రోజే."

అలా ఏడు ఊళ్లు. నాలుగు ఊళ్లు సరేనన్నాయి. ఇరవై రెండు కోట్లు. ఊళ్లోని సహకార పరపతి సంఘంలో పదేళ్లుగా వాడకుండా పడున్న ఓవర్‌డ్రాఫ్ట్ హద్దు ముప్పై కోట్లు, అక్కడి పెద్దాయన ఫోనులోనే, "ఇన్నాళ్లకి గుర్తొచ్చామా తల్లీ," అన్నాడు. మొత్తం ఎనభై రెండు. ఎనభై తీసేస్తే రెండు మిగులుతుంది, మంగళవారం ఒకటిన్నర పోతుంది, బుధవారం మళ్లీ నాలుగు వస్తుంది. సన్నటి తాడు. కానీ తెగదు. ఎక్కడా సున్నా కిందికి పోవడం లేదు.

ఆమె పట్టిక ప్రింట్ తీసి, కుడి గడిలో ముద్ర వేసింది, నిటారుగా. ఈసారి ఫోనేమీ రాలేదు. ఇసోబె ట్రేలో పెట్టి, పేపర్లు సర్దుకుని, బిల్లు ఇవ్వడానికి ఓజియా వెళ్లిపోయింది. సాయంత్రం తిరిగొచ్చేసరికి ట్రే ఖాళీగా ఉంది. బాణం గీసిన కాగితమేదీ తన బల్ల మీద లేదు.

"సొరుగులో పెట్టాడు," అంది టొమోఎ కోటు తొడుక్కుంటూ. "తాళం కూడా వేశాడు. నేను చూశాను."

గురువారం పొద్దున్న నావో ధ్రువీకరణ కాగితం పూర్తిచేసింది. మూడు డబ్బాల్లో ఒక్కదాంట్లో కూడా టిక్కు పెట్టలేదు. కింద ఖాళీ చోట చక్కటి చేతిరాతతో రాసింది: మార్చి ఇరవై నాలుగు, పది పది నుంచి పది ఇరవై రెండు వరకు. వదిలేస్తే ఎంత కట్టాలో చెప్పలేదు. లోనుతో జంటగా వెళ్లాలని చెప్పారు. దాని పక్కన ముద్ర, నిటారుగా.

ఇసోబె చదివాడు. చింపలేదు, తిరగేసి పెట్టాడు. "పాడైంది. ఇంకోటి ఇస్తాను," అని కొత్తది ఇచ్చాడు.

నావో దాని మీద కూడా అదే రాసింది. అవే మాటలు, అదే ముద్ర.

మూడోది ఇచ్చాడు. మూడోదీ అలాగే వచ్చింది.

"హిగాకి గారూ, నా దగ్గర ఇంకా పన్నెండున్నాయి."

"నా ప్యాడ్‌లో సిరా నిండుగానే ఉందండీ."

టొమోఎ ఆ నిమిషంలోనే ప్రింటర్‌లో కాగితాలు సర్దాలని గుర్తొచ్చినట్టు వెనక్కి తిరిగింది. ఆమె భుజాలు కదులుతున్నాయి.

పదకొండింటికి ఫోను మోగింది. "హకుసెన్ బ్యాంకు ప్రధాన కార్యాలయం, తనిఖీ విభాగం నుంచి అరిగా అండీ," అంది ఆడగొంతు. "హిగాకి నావో గారితో మాట్లాడాలి. వడ్డీ మార్పిడి ఒప్పందం గురించి మా బ్రాంచి మీకు వివరణ ఇచ్చినట్టు నివేదించింది. నియమం ప్రకారం విన్నవారిని నేరుగా అడగాలి. ఈ సంభాషణ రికార్డవుతుంది, మీకు అభ్యంతరం లేదు కదా?"

ఇసోబె కుర్చీలోంచి సగం లేచాడు. అరచెయ్యి కిందికి చూపించి మెల్లగా ఒత్తుతున్నట్టు కదిపాడు. అవునండీ, విన్నానండీ. రెండు మాటలు చాలు. సోమవారం గడిచిపోతుంది, రేపటి జాబితాలో తన పేరుండదు.

"లేదండీ, రికార్డు చేసుకోండి," అంది నావో. నోటుపుస్తకం తెరిచింది.

"వివరణ ఎంతసేపు జరిగింది?"

"పన్నెండు నిమిషాలు. అందులో పది నిమిషాలు మంచు, గోల్ఫు, నడుం నొప్పి. తేదీలూ టైములూ నా దగ్గర రాసి ఉన్నాయి."

"మధ్యలో వదిలేస్తే అయ్యే ఖర్చు..."

"చెప్పలేదు. మా సెక్షన్ చీఫ్‌ని అడిగితే అడగొద్దన్నారు."

"లోనుకీ దీనికీ సంబంధం ఉందని ఎవరైనా అన్నారా?"

"జంటగా వెళ్తే తేలిక అన్నారు. జంటగా వెళ్లకపోతే అని అడిగాను. ఇబ్బంది మాటలు ఎందుకన్నారు. ఉన్న మాట ఉన్నట్టు చదువుతున్నానండీ."

అవతల టైపు చేస్తున్న శబ్దం. "అవసరమైతే ఇదే మళ్లీ చెప్పగలరా?"

"ఎన్నిసార్లైనా."

ఫోను పెట్టాక ఇసోబె తన కుర్చీలో వెనక్కి ఆనుకుని, బల్ల మీది ఎర్ర ప్యాడ్ మూత తీయడం, పెట్టడం, తీయడం, పెట్టడం చేస్తున్నాడు. భోజనాల బెల్లు మోగింది. టొమోఎ వెళ్లిపోయింది. నావో కూడా లేవబోతుంటే ఆయన పిలిచాడు.

"ఆ ఏడు కోట్లు. ఎలా లెక్కేశారు?"

ఆయనకెలా తెలుసని ఆమె అడగలేదు, టొమోఎకి చెప్పిన మాట ఈ గదిలో ఎవరికి వినపడదు గనక. కాగితం తెచ్చి చూపించింది. ఆయన పెన్సిల్ తీసుకుని వరసవరసా దిగుతూ వెళ్లాడు. అడుగున ఆగి, మొత్తాన్ని సన్నగా కొట్టేసి పక్కన వేరే అంకె రాశాడు.

"ఏడున్నర. బ్యాంకు తన లాభం కూడా కలుపుతుంది. అది మీకు బయటి నుంచి కనపడదు."

"మీకెలా..."

"బ్యాంకులో ఉండగా ఇలాంటివి నేను పధ్నాలుగు అమ్మాను," అన్నాడు. "అందులో ఒకటి డబ్బులిచ్చి జనం స్నానం చేసిపోయే స్నానాల ఇంటివాళ్లకి. స్నానాల ఇంటికి వడ్డీ మార్పిడి ఎందుకో ఆ ముసలాయన నన్ను అడగలేదు. మీలా అడగలేదు." పెన్సిల్‌ని బల్ల అంచుకి సమంగా పెట్టి, భోజనానికి వెళ్లిపోయాడు.

శుక్రవారం మధ్యాహ్నం డైరెక్టర్ సతాకె గదికి నావోని పిలిచారు. సతాకె వర్క్‌షాపులోంచి పైకొచ్చిన మనిషి, ఇప్పటికీ వేలి సందుల్లో గ్రీజు ఉంటుంది, అంకెలంటే కాస్త జంకు. ఆయన ఎదురుగా మకినో, పక్కన ఇసోబె. మకినో బూట్ల మీద ఇవాళ బురద ఉంది.

"ఈ అమ్మాయి ఫోనులో ఏదో చెప్పిందట, మా పైవాళ్లు అపార్థం చేసుకున్నారు," మకినో అంటున్నాడు. "ఆమె చేతే ఒక్క ఫోను చేయించి, అపార్థం తీర్చేస్తే సోమవారం అన్నీ సవ్యంగా అయిపోతాయి. లేదంటే, నా చేతిలో ఏమీ ఉండదు డైరెక్టర్ గారూ. ఎనభై కోట్లు."

సతాకె నావో వైపు చూశాడు. "వాళ్లు ఇవ్వకపోతే ఏం చేస్తాం హిగాకి?"

"కట్టేస్తామండీ."

"దేంతో?"

"పట్టిక వేశాను. ఇసోబె గారికిచ్చాను."

గదిలో అందరి కళ్లూ ఇసోబె మీదికి వెళ్లాయి. తాళం వేసిన సొరుగు. లేదని ఒక్క మాటంటే చాలు, ఆమె దగ్గర ఉన్నది ముద్రలు పడని నకలు, సెక్షన్ చీఫ్ ముద్ర లేని పట్టిక ఈ కంపెనీలో చిత్తుకాగితం.

ఇసోబె ఒళ్లోని ఫోల్డరు తెరిచి, ఒక కాగితం తీసి, రెండు చేతులతో డైరెక్టర్ ముందు పెట్టాడు. "తనిఖీ చేశాను. అంకెలు సరైనవే. పరపతి సంఘానికి నేను కూడా ఫోను చేసి అడిగాను."

సతాకె వేలితో వరసలు తడుముతూ చదివాడు. "ముప్పై, ఇరవై రెండు, ముప్పై... అంటే వాళ్ల దగ్గర మనవే ముప్పై కోట్లు పడున్నాయా? వాటిని కూడా తీసేస్తే," అని మకినో వైపు తిరిగాడు, "సోమవారం మీ ఏడాది లెక్కలు మూసే రోజేగా? ఆ రోజు ఎనభై కోట్ల లోనూ పోయి, ముప్పై కోట్ల డిపాజిట్టూ పోతే మీ బ్రాంచికి ఎలా ఉంటుంది?"

మకినో పట్టిక పై అంచు వైపు చూస్తున్నాడు. నావో కూడా అప్పుడే చూసింది.

కుడి గడిలో ఆమె ముద్ర, తను వేసినట్టే నిటారుగా ఉంది. మధ్య గడిలో ఇసోబె ముద్ర. రోజూ డైరెక్టర్ గడి వైపు పడుకునే ఆ ముద్ర ఇవాళ అటు లేదు. కుడివైపుకి వంగి ఉంది, ఆమె గడి వైపుకి. సతాకెకి అది కనపడదు, ఆయనకి ముద్ర అంటే ముద్రే. ఈ గదిలో దాన్ని చదవగలిగినవాళ్లు ముగ్గురే.

"ఇసోబె గారూ," మకినో మెల్లగా అన్నాడు, "మీ ముద్ర అటు తిరిగింది."

"తెలుసు," అన్నాడు ఇసోబె. "చూసే వేశాను."

మకినో మందపాటి ఫోల్డరుని సంచిలో పెట్టుకుని, జిప్పు వేసుకున్నాడు. లేస్తూ, రెన్యువల్ కాగితాలు సోమవారం ఉదయమే పంపిస్తానన్నాడు. అవి మాత్రమేనా అని సతాకె అడిగాడు. అవి మాత్రమే, అన్నాడు.

సాయంత్రం బదిలీల జాబితా నోటీసు బోర్డు మీదికి ఎక్కింది. గోడౌన్‌కి వేరే ఎవరో. దాని కింద ఒక వరస: సెక్షన్ చీఫ్ ఇసోబె, ఏప్రిల్ ఒకటి నుంచి మాతృసంస్థకి. బ్యాంకు ఆయన్ని వెనక్కి లాక్కుంది. అక్కడ కిటికీ పక్కన, పనేమీ ఇవ్వని బల్ల ఒకటుంటుందని అందరికీ తెలుసు.

సోమవారం పదింటికి రెన్యువల్ కాగితాలు వచ్చాయి, పల్చటి కవరులో, ఇంకేమీ లేకుండా. వాటికంటే ముందే, తొమ్మిదిన్నరకి, నావో ఆ రోజు నగదు పట్టిక ఇసోబె ట్రేలో పెట్టింది. ఆయన సొరుగులు ఖాళీ చేసుకుంటున్నాడు. ఒక అట్టపెట్టె, కళ్లజోడు గుడ్డ, వాడిన పెన్సిళ్లు. పట్టిక అందుకుని మొత్తం కూడి చూశాడు, మళ్లీ ఒకసారి కూడాడు, తర్వాత ఆమె ముద్ర చూశాడు.

"మీ ముద్ర నిటారుగా ఉంది," అన్నాడు.

"అవునండీ. ఇకమీదట అలాగే ఉంటుంది."

ఆయన పెన్సిల్ కోసం చెయ్యి చాచాడు. పెన్సిళ్లన్నీ పెట్టెలో ఉన్నాయి. చాచిన చెయ్యితో ఎర్ర ప్యాడ్ అందుకుని, మూత తీసి, ముద్రని మూడుసార్లు తట్టి, మధ్య గడిలో ఒత్తాడు. ఎటూ తిప్పలేదు. ఎత్తి చూసి, ఆరేదాకా నోటితో మెల్లగా ఊది, డైరెక్టర్ ట్రేలో ఆయనే పెట్టొచ్చాడు.